నిషా వేళ్లకు పని

కొడుకు సగ్రెన్ తెచ్చిన పెన్సిళ్ల పెట్టెను తులసమ్మ పప్పు డబ్బా వెనక్కి తోసేసింది.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ మొదటిసారి ఓట్లు వేసిన మరుసటి ఏడది. అంతకుముందు తెల్లపిల్లలకే తలుపు తెరిచిన డర్బన్ బడి ఇప్పుడు అందరినీ చేర్చుకుంటోంది. సగ్రెన్ కూతురు, అయిదేళ్ల నిషా అక్కడి పరీక్షలో నెగ్గితే, జనవరి నుంచి షాకాస్‌క్రాల్ ఊళ్లో అవ్వ ఇల్లు వదిలి డర్బన్‌లో అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది.

"మా, డైలీ కొంచెం రాయించు. రాకపోతే ఇంకో ఇయర్ వెయిట్ చెయ్యాలి" అని చెప్పి వెళ్లాడు సగ్రెన్.

ఆ చివరి మాటే తులసమ్మ చెవిలో తిష్ట వేసింది. ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచిన పిల్ల. మొగుడు పోయాడు. కూతుళ్లు పెళ్లిళ్లయి వెళ్లారు. కొడుకూ వెళ్లాడు. వెళ్లేవాళ్లను గేటు దాకా సాగనంపి, ఒక్కతే లోపలికి రావడం ఆమెకు అలవాటే గాని, ఈ పిల్లను అలా పంపడం మాత్రం తలుచుకోలేకపోయింది.

పిల్లకు పెన్సిలు గుర్తు రాకుండా పొద్దస్తమానం పనులు చెప్పింది. పప్పులో రాళ్లు ఏరించింది. దూది వత్తులు చేయించింది. రోటీ పిండి పిసికించింది. బంతిపూలు దండ గుచ్చించింది.

"అవ్వా, నాకు రైటింగ్ ఎప్పుడు?"

"ముందు ఈ గద్ర బీన్స్ కాయల్లోంచి గింజలు ఒలువు, కోతీ."

"నువ్వే బిగ్ కోతి!"

నవ్వుతూనే తులసమ్మ మొహం తిప్పుకుంది. చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు.

పరీక్ష రోజు టీచరమ్మ అక్షరాలేవీ అడగలేదు. పూసలు గుచ్చమంది. గీత వెంబడి కాగితం కత్తిరించమంది. మట్టిముద్దను పాములా సాగదీయమంది. నిషా ఇట్టే చేసేసింది. అప్పుడు పెన్సిలిచ్చారు. పిల్ల దాన్ని మూడు వేళ్లతో చక్కగా పట్టుకుని, వణకకుండా గుండ్రని సున్నా చుట్టింది.

"చాలామంది ముందే పెన్సిలిచ్చి వేళ్లు బిగుసుకుపోయేలా చేస్తారు. ఈ వేళ్లకు బలం ఎవరిచ్చారు?" అంది టీచరమ్మ ఇంగ్లిషులో.

"మా మదర్" అన్నాడు సగ్రెన్ గర్వంగా.

తులసమ్మకు అప్పుడు అర్థమైంది. ఆపుదామని చేసిన పనులే పిల్లను సిద్ధం చేశాయి.

"మరీ చిన్నది. మిమ్మల్ని విడిచి ఉండగలదా? కష్టమంటే వచ్చే ఏడు చేర్చుకుంటాం" అని టీచరమ్మ ఆమెనే అడిగింది.

ఉండలేదన్న ఒక్క మాట చాలు, పిల్ల ఇంకో ఏడాది తన దగ్గరే. తులసమ్మ నోరు తెరవబోయింది.

"అవ్వా," నిషా ఆమె చీర లాగింది, "ఇంకో పేపర్ ఇమ్మని అడుగు. ప్లీజ్, అవ్వా."

తులసమ్మ పిల్ల మొహంలోకి చూసింది. "ఉంటుంది టీచర్. ఇంకో పేపర్ ఇవ్వండి."

నిషా కాగితం మీదికి వంగింది. ఇక తలెత్తలేదు.

బయట వరండాలో తులసమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఆకలైతే నోరు తెరిచి అడగదురా. ఊరికే గోడకు ఆనుకుంటుంది. అప్పుడు పెట్టాలి. జొరమొస్తే..."

"మా, మాకు తెలుసు."

"నీకేం తెలుసురా!" అంది తులసమ్మ. సగ్రెన్ జేబులోంచి పెన్ను తీసి, "జొరమొస్తే?" అని అడిగాడు.