మేక దొరికిందా?

మా హెడ్‌మాస్టరు వామనరావు గారికి చదువు మీద ఎంత ప్రేమంటే, బొగ్గు గని ముందు ఉండేలాంటి బోర్డే బడి గేటు దగ్గర పెట్టించారు. 'నేటి లక్ష్యం: 200 పుస్తకాలు. సాధించినది: 214.' వంద రోజుల పఠన పోటీ అన్నమాట. గోదావరిఖని పిల్లలు ఇంత చదివేస్తున్నారని గోదావరిఖనికే తెలియదు.

సాయంత్రం పుస్తకం తీసుకెళ్లాలి, పొద్దున అప్పగించాలి. షిఫ్టు దిగిన కార్మికుడు తలకు పెట్టుకున్న లైటు అప్పగించినట్టే. గని కార్మికుల పిల్లలకు ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. తెచ్చారు, ఇచ్చారు, పేరు రాయించుకున్నారు. సంతకాలు తెలుగు టీచరునైన నావి. చదివారా అని ఎవర్నీ అడగలేదు. అడిగితే లక్ష్యం దెబ్బతింటుంది మరి.

ఈ ఉత్పత్తికి అడ్డుపడింది ఎనిమిదో తరగతి సంతోషి ఒక్కతే. ఆ పిల్ల నిజంగానే చదివేది! అదీ గట్టిగా, నానమ్మ సారవ్వకు వినిపిస్తూ. అక్షరం ముక్క రాని ఆ ముసలావిడ మధ్యలో ఆపించి కథలో మనుషులతో తగాదా పెట్టుకునేదట. మొదటి పుస్తకం 'తప్పిపోయిన మేక'నే నాలుగు రోజులు మళ్లీ మళ్లీ తీసుకెళ్లింది. ఇంకా పూర్తి కాలేదని తనే చెప్పడంతో అది లెక్కలోకి రాలేదు. ఐదో రోజు వామనరావు గారు దాన్ని లాక్కుని ఇంకొకరికిచ్చారు. "నీ ఒక్కదాని వల్ల మొత్తం క్లాసు వెనకబడ్డది" అన్నారు. పక్కనే ఉన్న నేను తలూపాను. అలిగిన సంతోషి ఇంకో పుస్తకం ముట్టలేదు.

బహుమతుల రోజు జిల్లా అధికారి వచ్చి, చదువు గొప్పతనం గురించి ఫోను చూసుకుంటూ మాట్లాడారు. తొంభై ఆరు పుస్తకాల ఋషికేశ్‌కు షీల్డు ఇచ్చారు. సున్నా తెచ్చుకున్న సంతోషిని వేదిక పక్కన నిలబెట్టారు, మిగతావాళ్లకు స్ఫూర్తి కోసం.

అప్పుడొచ్చింది సారవ్వ, చేతిలో బట్టల సంచితో.

"సారూ, పన్నెండు గంటల బస్సుకు గోలేటికి మా బిడ్డింటికి పోతున్న. మల్ల ఎప్పుడొస్తనో ఏమో. గా మేక దొరికిందో లేదో జర చెప్పుండ్రి."

అందరూ నవ్వారు. వామనరావు గారూ నవ్వి, "మా ఋషికేశ్ చదివిండు, చెప్తడు అవ్వా" అన్నారు.

ఋషికేశ్ షీల్డును గట్టిగా పట్టుకున్నాడు. "దొరికే ఉంటది అవ్వా."

"ఉంటదేంది బిడ్డా? సదివినవు గద!"

వాడు హెడ్‌మాస్టరును చూశాడు. హెడ్‌మాస్టరు అధికారిని చూశారు. అధికారి ఫోను చూసుకున్నారు. సారవ్వ నావైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వన్న చెప్పు."

ఆ పుస్తకం చదివినట్టు నలభై ఒక్కమందికి సంతకం పెట్టాను. మేక సంగతి నాకూ తెలియదు. ఒక్క పేజీ తిప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వేదిక మీద అందంగా పేర్చిన పుస్తకాల్లోంచి దాన్ని లాగి సంతోషికిచ్చాను. "ఎక్కడ ఆపావే?"

"అరవై ఒకటో పేజీల, టీచర్."

"చదువు."

"మేడం, ప్రోగ్రాం లేటైతది" అని వామనరావు గారు పళ్లు నూరారు. నేను ముందు వరుసలో సారవ్వను కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. సంతోషి పేజీ తీసి, ఇంట్లో చదివినట్టే గట్టిగా చదివింది. సారవ్వ అప్పుడే మేకల కాపరిని తిట్టడం మొదలుపెట్టింది.

పన్నెండు గంటల బస్సు వెళ్లిపోయింది. మేక ఇంకా దొరకలేదు. సారవ్వ లేవలేదు, నేనూ లేవలేదు.