చేతుల ఫొటోలు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. కొన్నప్పుడు నా వెనక తొడుగు అద్దంలా ఉండేది, ఇప్పుడు పసుపు డబ్బా మూతలా పచ్చబడిపోయింది. మూల మీద పగులు సత్యవేణి నన్ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పప్పు కడుగుతుండగా జారిపడినప్పటిది.

పుట్టిన ఫ్యాక్టరీ సంగతులేమీ గుర్తులేవు. బుద్ధి తెలిసేసరికి తణుకులో ఒక ఫోన్ల షాపులో ఉన్నాను. అన్నదమ్ములిద్దరు వచ్చి భార్యల కోసం ఒకే రకం ఫోన్లు రెండు కొన్నారు. నేను పెద్దకోడలు సత్యవేణికి, నా జత ఫోను చిన్నకోడలు హేమలతకి. ఫొటోలూ అవీ దాచుకునే అకౌంట్లు ఎవరెవరి పేర్ల మీద తెరవమంటారని షాపతను అడిగాడు. "ఒకింట్లో వాళ్లకి రెండెందుకండీ, రెంటికీ ఒకటే పెట్టెయ్యండి" అన్నాడు పెద్దాయన. ఆ ఇంట్లో గ్యాస్ కనెక్షను ఒకటే, పేపరు ఒకటే. అకౌంటు మాత్రం ఎందుకు వేరుగా ఉండాలి?

ఆ ఏడాదే హేమలత పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఇక్కడ సత్యవేణి తన తల్లి వీరరాఘవమ్మగారిని తెచ్చి ముందుగదిలో ఉంచుకుంది. పక్షవాతంతో ఆవిడకి మాట పోయింది, ఒక చెయ్యి మాత్రమే ఆడేది. ఆ చెయ్యే ఆవిడ నోరు. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్లు. పిడికిలి బిగిస్తే నొప్పి. అరచెయ్యి బోర్లిస్తే పక్కకి తిప్పమని. తను వంటింట్లో ఉన్నప్పుడు ఆయాకి తెలియాలని సత్యవేణి ఆ సైగలన్నిటినీ నాతో ఫొటోలు తీసింది. మొహం రాలేదు, దుప్పటి మీద చెయ్యి మాత్రమే.

హేమలత పిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది. ఆధార్ కార్డులో మొహాన్ని పెద్దది చేసి, స్టూడియో వాళ్లు మెళ్లో ముత్యాల హారం కూడా వేశారు. బతికుండగా ఆవిడ ముత్యమన్నది ముట్టి ఎరగదు. సత్యవేణి ఆ ఫొటోకి దణ్ణం పెట్టేది. అమ్మని చూసుకోవాలనిపిస్తే మాత్రం స్నానం చేసి వచ్చి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, నాలో ఆ చేతులు చూసుకునేది.

మనుషులు మా కడుపులో ఏది పడితే అది కుక్కుతారు. తెల్లారగానే శుభోదయం పువ్వులు, ఎవరివో తెలియని శుభలేఖలు, ఒకసారీ వండని వంటల వీడియోలు. నేను నిండిపోయి నిలిచిపోతుంటే సత్యవేణి భర్త ఓ ఆదివారం నన్ను ముందేసుకున్నాడు. ఫొటోలన్నీ క్లౌడ్‌లో, అంటే అకౌంటు ఇచ్చిన కంపెనీ వాళ్ల దగ్గర ఉంటాయి, ఫోన్లోంచి తీసేసినా ఎప్పుడు కావాలంటే అప్పుడు కనిపిస్తాయి అని చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. తీసేశాక వెంటనే తెరిచి చూసుకుంది. చేతులు ఒక్క క్షణం ఆలస్యంగానైనా వచ్చాయి. నా ఒళ్లు తేలికైంది, ఆవిడ మనసు కుదుటపడింది.

పిల్లాడి వీడియోలతో హేమలత ఫోనూ నిండింది. అకౌంటు ఒకటే కదా, ఖాళీ చేస్తుంటే అందులోనూ ఎవరివో వేళ్లు, పిడికిలి, దుప్పటి మడతలు కనిపించాయి. పిల్లాడు ఫోను లాక్కుని నొక్కేసినవి కాబోలనుకుని అన్నీ కలిపి తీసేసింది.

మర్నాడు తల తుడుచుకుంటూ సత్యవేణి నన్ను తెరిచింది. చేతులు లేవు. పైకీ కిందికీ జరిపింది. నన్ను ఆపి మళ్లీ వెలిగించింది. నేనేం చెయ్యను, నా దగ్గర ఉన్నవైతే కదా ఇవ్వడానికి. పొయ్యి మీద చారు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వాసనకి హేమలత పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది.

"ఏమైందక్కా? పొద్దున్నించీ ఆ ఫోనే పట్టుకుని ఉన్నారు."

"మా అమ్మ పోయింది."

హేమలత బిత్తరపోయింది. "అది నిరుడు కదక్కా."

"ఇవాళ కూడా పోయింది" అంది సత్యవేణి, చేతుల సంగతి చెప్పింది.

హేమలత తనే తీసేశానంది. తన ఫోన్లోంచే పోతాయనుకున్నానంది. సత్యవేణి తిట్టలేదు. తిట్టి ఉంటే హేమలతకి కాస్త నయంగా ఉండేది. పిల్లాణ్ణి నేల మీద దింపి, అక్కడే బియ్యం డబ్బాకి ఆనుకుని కూర్చుని, ఇంజనీరింగు చదివిన తమ్ముడికి ఫోను చేసింది. అతను అటునుంచి చెబుతుంటే ఇటు నన్ను నొక్కుతూ పోయింది.

"ఉన్నాయక్కా. తీసేసినవాటిని వెంటనే పారెయ్యరంట, కొన్నాళ్లు పక్కన ఉంచుతారంట" అంది సత్యవేణితో.

ఒక్కొక్క చెయ్యీ నా తెర మీదికి తిరిగొచ్చింది. హేమలత పక్కకి జరిగి కూర్చుని, ఇదేంటక్కా, ఇదేంటక్కా అని అడిగింది. నీళ్లు. నొప్పి. పక్కకి తిప్పు. ఆఖరిదాని దగ్గర సత్యవేణి ఆగిపోయింది. అరచెయ్యి సూటిగా నా కంటికి అడ్డంగా లేచి ఉంది.

"ఇది మాత్రం నాకే. ఫొటోలు తీసి తీసి విసిగించేశాను హేమా. ఇక చాలు, ఆపమంది. అదే ఆఖరు."

హేమలత కాసేపు ఆ చేతిని చూసింది. నేల మీద పాకుతున్న కొడుకుని చూసింది.

"మా వాడూ ఇంతే అక్కా. ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెడతాడు. ఆపమని కాదు. అది పక్కన పడేసి తనని ఎత్తుకోమని." అని, "అప్పుడు మీరేం చేశారు?" అంది.

సత్యవేణి గుర్తుచేసుకుంది. "దీన్ని కిటికీలో పెట్టేశాను. మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను."

"మరింకేమక్కా."

సత్యవేణి అప్పుడు ఏడ్చింది. పిల్లాడు వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బిపోయింది. సత్యవేణికి కొత్త ఫోను వచ్చింది, అకౌంటు కూడా వేరే. నన్ను పారెయ్యడానికి చెయ్యి రాక కుట్టుమిషను సొరుగులో హుక్కులు, పిన్నీసుల మధ్య పెట్టింది. నాలో ఒక్క ఫొటో కూడా లేదు, అన్నీ క్లౌడ్‌లో క్షేమంగా ఉన్నాయి.

ఒక్కటి తప్ప. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు చేతులు పట్టుకుని కూర్చున్నప్పుడు నేను కిటికీలో బోర్లా పడి ఉన్నాను. ఆ ఫొటో నా దగ్గరా లేదు, క్లౌడ్‌లోనూ లేదు. తియ్యడానికి ఆవిడ చేతులు ఖాళీగా లేవు.