దొరువు గట్టున గుడారం

నేను ఒక గుడారాన్ని. ఇప్పుడు చూసినవాళ్ళు పాత టార్పాలిన్ పట్టా అనుకుంటారు, అన్నా నేను నొచ్చుకోను. నిలబడ్డ రోజుల్లో నాకు నాలుగు గోడలూ, ఒక గుమ్మమూ, దోమలు దూరకుండా జాలీ కట్టిన రెండు కిటికీలూ ఉండేవి. మనుషులు చక్కటి ఇళ్ళకు తాళాలు వేసుకుని, అంత దూరం వచ్చి నాలో పడుకునేవారు. పడుకున్నాక, ఇంట్లో ఉన్నట్టు లేదని విసుక్కునేవారు.

నన్ను కుట్టింది నగరం చివర ఒక రేకుల షెడ్డులో. మందపాటి గుడ్డకు సూది విరిగినప్పుడల్లా మేస్త్రీ కుట్టే ఆమెను తిట్టేవాడు, ఆమె సూదిని తిట్టేది. అక్కణ్ణుంచి కొండలెక్కేవాళ్ళకు సామాను అద్దెకిచ్చే వ్యాపారి చేతికి వెళ్ళాను. ఒక వానాకాలం నా నడినెత్తిన చిన్న చిరుగు పడింది. అతను దానికి అతుకు వేయించి, కొత్తదానిలాగే ఉందని చెప్పి శివనాగులుకు అంటగట్టాడు.

శివనాగులుది బాపట్ల అవతల సముద్రం పక్క ఊరు. తీరానికి వచ్చేవాళ్ళను ఆటోలో తిప్పేవాడు. పొరుగూరిలో ఎవరో ఇసుకలో గుడారాలు వేసి జనాన్ని ఆకట్టుకుంటున్నారని చూసి, తన పొలంలోనూ వెయ్యాలనుకున్నాడు. అటు సరుగుడు తోపు, ఇటు సముద్రం, మధ్యలో రెండెకరాల ఇసుక నేల. శనక్కాయ చేను, వంగ, మిరప, గట్ల మీద గోంగూర. 'సముద్రం ఒడ్డున నిజమైన పొలంలో బస' అని దారి మొదట్లో బోర్డు పెట్టాడు.

పొలం నిజమైనదే. దాన్ని నిజం చేసింది మాత్రం అతని అక్క నాంచారమ్మ. పిల్లలు పుట్టలేదని మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే వయసులోనే పుట్టింటికి వచ్చేసింది. తండ్రి పోయేముందు నలుగురి ఎదుట, "దొరువు పక్క నేల చెక్క నీది తల్లీ" అన్నాడు. దొరువంటే ఇసుకలో తవ్విన లోతులేని నీటిగుంట. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా అందులో కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు ఊరేవి. రెండు చేతులా రెండు కడవలు పట్టుకుని గుంటలోకి దిగడం, నింపుకుని పైకెక్కడం, మొక్క మొదట్లో వంచడం. నాంచారమ్మ బతుకంతా ఆ దిగడమూ ఎక్కడమూ. దొరువు గట్టునే చిన్న తాటాకు పాకలో ఉండేది. నన్ను ఆ పాకకు ఎదురుగా నిలబెట్టారు.

మొదటి రోజుల్లో ఆమెకు అతిథులంటే సంబరం. వచ్చినవాళ్ళకల్లా పచ్చి శనక్కాయలు సరుగుడాకు మంటలో కాల్చి పెట్టేది. వాళ్ళు ఆమెను అమ్మమ్మా అనేవారు. కడవలు తామూ ఎత్తబోయి, సగం నీళ్ళు ఒలకబోసుకుని, ఫొటోలు తీసుకునేవారు. హైదరాబాదు నుంచి లహరి అని ఒక టీచరమ్మ వచ్చింది. ఒక పూటంతా నాంచారమ్మ పక్కన కూర్చుని కలుపు తీసి, వెళ్ళేటప్పుడు చేతులు పట్టుకుని ఏడ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు ఎర్రంచు చీర తెచ్చి కట్టించి, కడవలతో నిలబెట్టి ఫొటో తీసి, దాన్ని పెద్దది చేయించి శివనాగులుకు పంపింది.

"నాకెవురూ చీర పెట్టలా ఇన్నేళ్ళలో" అంది నాంచారమ్మ, మరదలు తులశమ్మకు ఆ చీర చూపించి.

"బాగుండాది వదినా. మాసిపోకుండా దాచుకో" అంది తులశమ్మ.

శివనాగులు మంచివాడని ఊరంతా అంటారు. నేనూ అంటాను. ఎప్పుడూ నవ్వు ముఖం, అక్క మీద గట్టిగా ఒక్క మాట లేదు. అతను చెడ్డవాడైతే ఆమె ముందే జాగ్రత్తపడేది.

గుడారాలు పెరిగాయి. వచ్చినవాళ్ళు సముద్రంలో మునిగి వచ్చి, ఒళ్ళంతా జిడ్డుగా ఉందని, మంచినీళ్ళతో స్నానం కావాలని అడిగారు. శివనాగులు మోటారు తెచ్చి దొరువు గట్టున దించాడు.

"నాగులూ, మోటారు పెట్టబాకరా" అంది నాంచారమ్మ. "ముంచుకున్నన్నాళ్ళు ఊరతానే ఉంటయ్. లాగితే అడుగున్న ఉప్పు పైకి లేస్తది."

ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ ఇసుకలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

"కడవలతో ముంచి ఇంతమందికి నీళ్ళెట్టా పోసేది అక్కా? వాళ్ళకి పైనుంచి జల్లు పడాల."

"ఇప్పుడే గదా సముద్రంలో మునిగొచ్చారు. మళ్ళా స్నానమేంది?"

"ఒంటి మీద ఉప్పు పోవద్దా మరి?" అని నవ్వాడు.

ఉప్పు పోయింది. రోజంతా మోటారు తిరిగేది. స్నానాల సబ్బు నురగ కాలవలు కట్టి వంగచెట్ల మొదళ్ళలోకి పారేది. ఒక పొద్దున నాంచారమ్మ కడవ ముంచి, అలవాటుగా దోసెడు నోట్లో పోసుకుని, ఉమ్మేసింది. తమ్ముణ్ణి కేకేసింది. అతనూ రుచి చూశాడు.

"కొంచెం ఉప్పు కసరుగా ఉంది. వానలు పడితే అదే సర్దుకుంటది లే."

అతిథులకు పట్నం నుంచి డబ్బాల్లో నీళ్ళు వచ్చాయి. చేలకు డబ్బా నీళ్ళు ఎవరూ తేరు. శనక్కాయ ఆకుల అంచులు ముందు పసుపు తిరిగి, తర్వాత కాలిన కాగితంలా నల్లబడ్డాయి. ఆమె ఒక మొక్క పీకి, కాయలు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నొక్కి చూసింది. అన్నీ గింజలేని లొట్టలు. పీకిన మొక్కను మళ్ళీ అదే గుంటలో పెట్టి ఇసుక కప్పింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియాలి. ఆ వెనకే, నా నీడలో, ఇద్దరు యువకులు గిటారు వాయించుకుంటూ ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటున్నారు.

తర్వాత పాక వంతు వచ్చింది. శివనాగులుకు ఆ మాట చెప్పే ధైర్యం లేక పెళ్ళాన్ని పంపించాడు.

"వదినా, సముద్రం నీ పాక ముందు నుంచే బాగా కనపడతదంట. అక్కడ చెక్క గది కడదామనుకుంటుండారు మీ తమ్ముడు. పాత గుడారం ఒకటి ఊరకే పడుండాదిగా, అందులో ఉండు. గాలీ వెల్తురూ ఉంటది."

ఆ పాత గుడారం నేనే. నెత్తి మీద అతుకు ఊడి, అతిథులకు పనికిరాకుండా పోయాను. నన్ను సరుగుడు తోపు వెనక, పేడకుప్ప పక్కన పాతారు. నాంచారమ్మ తన బొంతా, పారా, గిన్నెలూ, ఎర్రంచు చీరా తెచ్చుకుని నాలోకి వచ్చింది. నా గుమ్మానికున్న జిప్పు ఆమెకు అంతుపట్టేది కాదు. ఒకసారి లోపల ఉండగా అది బిగుసుకుపోయింది. నడిమధ్యాహ్నం, నా గుడ్డ కాగిన పెనంలా ఉంది. ఆమె కేకలు వేసింది. అటుగా వెళ్తున్న అతిథులెవరో, లోపలెవరో పాడుతున్నారనుకుని ఆగి విని వెళ్ళిపోయారు. చివరికి తులశమ్మ వచ్చి తీసింది. ఆ తర్వాత వానొచ్చినా నాంచారమ్మ జిప్పు వెయ్యలేదు.

పాక పోయింది, చేను ఎండింది, బోర్డు మాత్రం ఉంది. వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి, "పొలమన్నారు, ఎక్కడండీ పొలం?" అని అడగడం మొదలుపెట్టారు. శివనాగులు నర్సరీకి వెళ్ళి కాయలతో ఉన్న వంగమొక్కలూ, మిరపమొక్కలూ నల్ల సంచులతో సహా ఆటో నిండా తెచ్చాడు. సంచులు విప్పకుండానే వరసగా ఇసుకలో పూడ్చాడు. దూరం నుంచి చూస్తే పచ్చటి తోట. మొక్కలు చస్తే మళ్ళీ తెచ్చేవాడు.

"అక్కా, కారు హారను వినపడంగానే ఆ ఎర్రంచు చీర కట్టుకుని వచ్చి నాలుగు కడవలు పొయ్యి. అంతే. కష్టమేం లేదు."

"ఉప్పునీళ్ళా?"

"ఏ నీళ్ళయితే ఏంది? చూట్టానికేగా."

అప్పుడు తులశమ్మ, గిన్నెలో అన్నం పెడుతూ, పెద్ద గొంతేమీ చెయ్యకుండా అంది: "కూర్చోబెట్టి ఎవరు పెడతారు వదినా ఈ రోజుల్లో?"

అన్నం ముందు ఆ మాట విన్న నాంచారమ్మ, తినకుండా లేవలేదు. తింది. మర్నాడు హారను మోగగానే చీర కట్టుకుంది.

తోపు సందుల్లోంచి నాకంతా కనిపించేది. హారను మోగితే దిగడం, ఎక్కడం, వంచడం. వంచిన నీళ్ళు మొక్కను చంపుతాయని తెలిసీ వంచడం. జనం లేనప్పుడు కూడా ఆమె పార పట్టుకుని వరసల మధ్య కూర్చునేది, కలుపు కోసం వెతికేది. అక్కడ కలుపు కూడా మొలిచేది కాదు.

ఒక ఆదివారం పొద్దున అతిథులు ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక చిన్నపిల్ల ముందుకొచ్చి వంగమొక్క మీద చెయ్యి వేసి, "అమ్మమ్మా, దీనికి మళ్ళీ కాయ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

నాంచారమ్మ కడవ దించింది. పిల్ల ముఖంలోకి చూసింది. వంగి, ఆ మొక్కను నల్ల సంచితో సహా పైకి లాగింది. పక్కదాన్నీ లాగింది. వరసంతా లాగి పారేసింది.

"కాయ రాదు తల్లీ. ఇది చేను కాదు, నాటకం. నా చేను చచ్చిపొయింది. మీరంతా పోసుకున్నయ్యి దాని నీళ్ళే."

అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

"సూపర్ అమ్మమ్మా! మళ్ళీ ఒకసారి అనండి, నాది రికార్డు కాలేదు."

శివనాగులు అందరికంటే గట్టిగా నవ్వాడు. "మా అక్క అంతే సార్. భలే మాట్లాడతది."

సాయంత్రం నా గుమ్మం దగ్గరకొచ్చి గొంతుకూర్చున్నాడు. నాంచారమ్మ తన్ను తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"అక్కా, పొద్దున చేశావే, అది జనానికి బాగా నచ్చింది. ఆదివారం ఆదివారం చెయ్యి. సంచులు నేను మళ్ళా పాతిపెడతాలే."

తెల్లారి ఆమె కట్టుబట్టలతో ఒడ్డు వెంబడి దక్షిణానికి నడిచి వెళ్ళిపోయింది. ఎర్రంచు చీర నా తాడు మీదే వేలాడుతూ ఉండిపోయింది. చేపలమ్మే ఆడవాళ్ళు ఒకటి రెండు రోజులకే కబురు తెచ్చారు: రెండూళ్ళవతల ఎవరి చేలోనో శనక్కాయ పీకుడు కూలికి కుదిరిందని. తమ్ముడు వెళ్ళలేదు. కోపం తగ్గాక తనే వస్తదిలే అన్నాడు.

అతిథులు మాత్రం ఆమె కోసం అడుగుతూనే ఉన్నారు. ఊరికెళ్ళిందని చెప్పేవాడు. ఒకసారి ఓ గుంపు నేరుగా నా దగ్గరకే వచ్చింది. "అమ్మమ్మ ఉండేది ఇందులోనేనా? ఏదీ, కనపడదే?"

విసుగులో ఉన్నాడు శివనాగులు. "పోయిందండీ" అన్నాడు.

వెళ్ళిపోయిందనే అన్నాడు. ప్రమాణం చేసి చెబుతాను, అతని మనసులో అంతకు మించి లేదు. కానీ వాళ్ళ ముఖాలు మారిపోయాయి. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకాయన టోపీ తీశాడు. తాడు మీది ఎర్రంచు చీరకు అందరూ దండం పెట్టారు. శివనాగులు వాళ్ళను చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకుని తల వంచుకున్నాడు. వారం తిరక్కుండానే లహరి పంపిన ఫొటోకు చట్రం కట్టించి, దండ వేసి, భోజనాల పందిట్లో తగిలించాడు. పక్కనే అగరొత్తులు. వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకుని, తర్వాత చేపల వేపుడుకు కూర్చునేవారు.

నాంచారమ్మ కొంతకాలానికి తన పార కోసం వచ్చింది. కూలి చేలో ఎండకు బాగా నల్లబడి, చిక్కిపోయింది. తలకు గుడ్డ చుట్టుకుంది. తోపు వెనక నుంచి వచ్చి, పారా, బొంతా, గిన్నెలూ తీసుకుంది. నన్ను కూడా విప్పి, అన్నీ నాలో చుట్టి మూట కట్టి నెత్తికెత్తుకుంది. తమ్ముడితో ఒక మాట చెప్పి పోదామనుకుందేమో, పందిరి వైపు నడిచింది. అక్కడ తన పటం చూసింది.

పటం ముందు లహరి నిలబడి ఉంది. ఆ పొద్దునే వచ్చి విన్నట్టుంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మూటతో వచ్చిన మనిషిని చూసి, కూలి ఆమె అనుకుంది.

"మీకు తెలుసా ఈమె?"

"తెలుసు తల్లీ."

"నాకు సొంత మనిషి లాంటిదండీ. ఎలా పోయింది?"

పందిట్లో శివనాగులు చేతిలో నీళ్ళ జగ్గుతో కొయ్యబారి నిలబడ్డాడు. నాంచారమ్మ అతన్నే చూస్తూ చెప్పింది.

"నడిచే పొయింది తల్లీ."

లహరి కళ్ళు మళ్ళీ నిండాయి. "అదృష్టవంతురాలు. మంచాన పడకుండా, నడుస్తూ నడుస్తూనే..." అని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఫోను తీసి, "కొంచెం పక్కకు జరుగుతారా? పటానికి అడ్డొస్తున్నారు" అంది.

నాంచారమ్మ పక్కకు జరిగింది.

దారి దాకా తమ్ముడు వెంట వచ్చాడు. "అక్కా... అది... నేననలా అక్కా. వాళ్ళే అనుకున్నారు."

"నాన్న పటానికి ఏనాడన్నా దండేశావంట్రా?" అంది ఆమె. మూట జారుతుంటే అతను చెయ్యి వేసి సరిచేశాడు. ఆమె చెయ్యనిచ్చింది. అంతే, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

ఇప్పుడు నేను రెండూళ్ళవతల ఎవరివో శనక్కాయల కుప్ప మీద కప్పుగా ఉన్నాను. నా జిప్పు తుప్పు పట్టి రాలిపోయింది. నాంచారమ్మ నా పక్కనే కూర్చుని, మిగతా ఆడకూలీలతో కలిసి మొక్కల నుంచి కాయలు దూస్తుంది. కాయలు గట్టిగా ఉన్నాయి, ఆమెవి కావు.

మొన్న చేపల బుట్టతో ఒకామె వచ్చి కూలబడి, ఆయాసం తీర్చుకుని, కబురు చెప్పింది. నాంచారమ్మ సంవత్సరీకం శివనాగులు ఘనంగా చేశాడట. హైదరాబాదు నుంచి కార్లు వచ్చాయట. పంతులుగారు వచ్చారట. తమ్ముడు నిజంగానే ఏడ్చాడట.

నాంచారమ్మ చేతిలో మొక్క దూయడం పూర్తి చేసి, ఇంకోటి అందుకుంది.

"ఏం వండారంట?" అంది.