అరటాకు మూటలో సగం మాట

నముక్వాయ రోజూ పొద్దున్నే వంటపాక ముందు చాప పరుచుకుని, కాళ్ళు ఒక పక్కకి మడుచుకుని కూర్చుంటుంది. జిగురు అంటకుండా చేతులకి కాస్త నూనె రాసుకుని, గెలలోంచి పచ్చి అరటికాయలు కోసుకుంటూ చెక్కు తీస్తుంది. తీసిన కాయల్ని సెగ చూపించిన అరటాకుల్లో పేర్చి, ఆకులు నాలుగు వైపులనుంచీ పైకి మడిచి, నారతో ముడి వేసి, ఆవిరి మీద పెడుతుంది. మధ్యాహ్నానికి ఆ మూటలో పసుపుపచ్చగా, మెత్తగా మటోకె ఉడికి ఉంటుంది. మసాకా పట్నం దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ప్రతి ఇంటా జరిగే పనే ఇది.

ఆవిడ మూటకున్న తేడా ఒక్కటే. ఆకు మడిచిన దగ్గర్నుంచి ముడి బిగిసేదాకా పక్కన ఎవరేం మాట్లాడినా, ఆ మాట మూటలో ఉండిపోతుంది. విప్పినప్పుడు ఆవిరితోపాటు బయటికొస్తుంది, అన్నవాళ్ళ గొంతుతోనే, ఒక్కసారే. అత్తారింట్లో ఉన్న కూతురికి ఫోన్లో చెప్పలేని బుద్ధులు చెప్పాలంటే ఊళ్ళో తల్లులు ఓ గెల మోసుకొచ్చి నముక్వాయ చాప పక్కన చేరేవారు. "మీ అత్తగారు విప్పకముందే నువ్వు విప్పుకోవే" అని పైన ఇంకో ఆకు చుట్టి పంపేవారు. మామూలు వంట వేళ మాత్రం ఆ పాకలో అందరూ నోళ్ళు మూసుకునేవారు. కూరలో కారం ఎక్కువైతే తినేవాడొక్కడికే మంట, మాట ఎక్కువైతే ఇంటిల్లిపాదికీ మంట.

నోరు మూసుకోనివాడు ఒక్కడే, ముత్యాబా. పోయిన తమ్ముడి కొడుకు. ఆవిడే పెంచింది. పంతొమ్మిదేళ్ళవాడు. ఫోన్ ఎదురుగా నిలబడి ఊరినీ పెద్దల్నీ ఎగతాళి చేస్తాడు. 'నోటిమంట' అన్న పేరుతో వాడు పెట్టే వీడియోలు కంపాలాలో కూడా చూస్తారట. అందులో సగంమంది నవ్వడానికి, సగంమంది తిట్టడానికి.

కాఫీ మిల్లు యజమాని కిగ్గుండు పోయినరోజు కూడా వాడు ఊరుకోలేదు. ఊళ్ళో చావు జరిగితే ఖననం అయ్యేదాకా ఎవరూ తోటలో పార పట్టరు, పాట పెట్టరు. వాడు వీడియో పెట్టాడు. పెద్దాయన శవపేటిక పెద్దదిట, మిల్లులో తూకపురాళ్ళు కూడా ఆయనతో పంపిస్తున్నారట, అక్కడా కాఫీ గింజలు తూస్తాడట. ఖననం అయిన మర్నాడే పోలీసులొచ్చి వాణ్ణి పట్టుకెళ్ళారు.

కోర్టులో సర్కారు వకీలు చదివిన మాట మాత్రం వేరు. "ఈయన కోసం మనం ఏడవడమంటే, పునుగుపిల్లి చచ్చిందని కోళ్ళు గుండెలు బాదుకోవడమే." కోర్టంతా గుసగుసలు. ఎందుకంటే కిగ్గుండుది పునుగుపిల్లి వంశం. ఆ వంశంవాళ్ళు పునుగుపిల్లిని చంపరు, తినరు, దాని పేరు తేలిగ్గా ఎత్తరు. ఒక మనిషిని తిడితే అది మనిషితో పోతుంది. వంశపు గుర్తు పట్టుకుని దొంగపిల్లి అంటే ఆ వంశంలో పుట్టిన ప్రతివాడినీ అన్నట్టే. ఫోన్ ద్వారా ఒక వంశం మీద ద్వేషం రేపినందుకు ఏళ్ళ తరబడి జైలు అన్నాడు వకీలు.

ముత్యాబా బోనులోంచి మేనత్త వైపు చూశాడు. వాణ్ణి తీసుకెళ్తుండగా చెవిలో అన్నాడు.

"అత్తా, ఆ మాట నేను ఫోన్లో అనలేదు. మన వంటపాకలో అన్నాను. అంతే."

నముక్వాయ దారంతా ఆ ముక్కే తిప్పి తిప్పి చూసుకుంది. వంటపాకలో అన్నమాట కోర్టుకెలా నడిచొచ్చింది? చావు కబురు తెలిసిన ఆ పొద్దున, తనూ వాడూ కాక అక్కడున్నది ఇద్దరే. చిన్న తమ్ముడు కతెండే, పక్కింటి నజ్జివా. కతెండే కిగ్గుండు మిల్లుకే బస్తాలు తోలతాడు. నజ్జివా చెవిలో పడ్డది సాయంత్రానికి చెరువవతల ఉంటుంది.

ముందు తమ్ముడిని పట్టుకుంది. వాడు మోటారుసైకిలు తుడుచుకుంటున్నాడు.

"ఏరా, మిల్లులో నీకు రోజూ పని దొరుకుతోందిట, కొత్తగా?"

"దొరికితే ఏడుపా, అక్కా?"

"ఏడుపెందుకు. ఊరికే దొరకదు కదా అని."

కతెండే గుడ్డ విసిరికొట్టాడు. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి కాను నేను. వాడు నాకు అన్న కొడుకు. నీకొక్కదానికే మేనల్లుడా?"

మరీ గట్టిగా మాట్లాడుతున్నాడే అనుకుంది నముక్వాయ. నిజం చెప్పేవాడికి ఇంత గొంతెందుకు? ఇంటికొచ్చేసరికి నజ్జివా కంచె మీదనుంచి పలకరించింది. పలకరింపులో తేనె కాస్త ఎక్కువైనట్టు తోచింది.

"ఏం అక్కా, వాడికి బెయిలు వస్తుందా?"

"నీకు తెలియని కబురుంటుందా, నజ్జివా? నువ్వే చెప్పు."

నజ్జివాకి అర్థమైంది. నవ్వు మానేసింది. "ఓహో, నా మీదికొచ్చిందా? సరే అక్కా, నన్ను అడిగావు, నేనూ ఒకటి అడుగుతాను. ఆ పొద్దున చావింటికి పంపడానికని మూట కట్టావే, వాడు ఆ మాట అన్నప్పుడు నీ చేతుల్లో ఉన్నదేమిటి?"

నముక్వాయ చేతులు చూసుకుంది.

చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వండిన మూటలు పంపడం ఆనవాయితీ. ఆవిడా పంపింది. ఆకు మడుస్తూనే ఉంది, వీడు పొయ్యి దగ్గర నిలబడి వాగుతూనే ఉన్నాడు. "నోర్ముయ్యరా" అని కసిరి ముడి బిగించింది. ఆ కసురు కూడా లోపలే ఉండుంటుంది. ఇంతదాకా ఏ పుట్టలో ఏ పాముందోనని ఊరంతా తవ్వింది. తీరా చూస్తే మోసుకెళ్ళింది తన నెత్తిమీది గంపే.

ముత్యాబా తరఫు లాయరు అపియో చిన్నపిల్ల, కానీ చురుకైంది. కథంతా విని, పెన్ను మూత పెట్టింది.

"అయితే బతికాం అమ్మా. చట్టం ఫోనుకీ కంప్యూటరుకీ రాశారు. అరటాకుకి రాయలేదు. వీడియోలో ఉన్నది తూకపురాళ్ళ ఎగతాళి, దానికి మందలించి వదిలేస్తారు. ఆ పునుగుపిల్లి మాట ఎలా విన్నదో ఫిర్యాదు ఇచ్చినావిడ నోటితో చెప్పాలి. పోలీసులు అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నోటిమంట అంటే ఫోనే కదా అని రాసేసుకున్నారు."

ఫిర్యాదు ఇచ్చింది కిగ్గుండు భార్య. కవలల్ని కన్న తల్లి కనక అందరూ ఆవిణ్ణి నాలోంగో అంటారు. నముక్వాయ వెళ్ళి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది. నాలోంగో బదులు పలకరించింది గానీ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నముక్వాయ వచ్చిన పని చెప్పింది.

"ఆకులో వచ్చిందా, గాలిలో వచ్చిందా అని కోర్టులో చెప్పాలా? ఆ వేళ ఆయన ఒంటికి నారబట్ట చుడుతున్నాం, ముత్యాబా అత్తా. పిల్లలకి ఇంత పెడదామని నీ మూట విప్పాను. ఏ దారిన వస్తేనేం, వచ్చింది వాడి నోట్లోంచి."

"పొరపాటు నాది, నాలోంగో అమ్మా. ముడి నాది."

"అడిగేదేదో వాణ్ణే అడగమను. నీ నోటితో వద్దు. పిల్లలు చేసింది పెద్దవాళ్ళు నమిలి మింగిపెడుతుంటేనే వాళ్ళిలా తయారవుతారు."

విచారణ దగ్గరపడింది. నముక్వాయ చెక్కు తీసిన కాయలూ ఆకులూ గంపలో పెట్టుకుని సబ్‌జైలుకి వెళ్ళింది. వార్డరు ఒపొలొట్ గంపలోకి తొంగిచూశాడు.

"వండనిది తెచ్చావేమిటి, అమ్మా?"

"ఇక్కడ కడతాను, ఇంటికెళ్ళి వండుతాను. మాట మావాడిది కావాలి."

"సరే, తొందరగా కానివ్వు. మా సారు వస్తే తనూ ఏదో ఒకటి అంటాడు, అది కూడా పడిపోతుంది."

ముత్యాబా కటకటాల వెనక చిక్కిపోయి ఉన్నాడు. కళ్ళలో మంట మాత్రం అలాగే ఉంది.

"క్షమించమని అడగరా. అంతే. ఒక్క ముక్క."

"అడగను అత్తా. తూకంలో ఆయన మోసం చెయ్యలేదా? నీ కాఫీ కూడా తక్కువ తూశాడు కదా."

"తూశాడు."

"మరి నేనన్నది అబద్ధమా?"

"అబద్ధమని నేనన్నానా? ఫోన్లో నీ మాట వేలమంది విన్నారు. వాళ్ళకేం పోయింది? ఇప్పుడు ఒక్క మనిషికి చెప్పు. ఏం చెబుతావో నీ ఇష్టం."

వాడు గంపలోని ఆకుల వైపు చూశాడు. "నువ్వు అటు తిరుగు. నువ్వు వింటుంటే నాకు రాదు."

ఆవిడ కాయలు పేర్చి, ఆకు మడిచి, నార చేతికి చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుంది. వాడు కటకటాల్లోంచి మూట మీదికి వంగి గొణగడం మొదలుపెట్టాడు. మాటలు అందడం లేదు. ఇంతలో వార్డరు ఒపొలొట్ ఫక్కుమని నవ్వాడు.

నముక్వాయ గభాలున మూట వైపు తిరిగింది. వీడి బుద్ధి ఆవిడకి తెలియనిదా? నవ్వించకుండా వీడి నోటివెంట మాట రాదు. ఆ ముసలామె ఏడుపు మీద మళ్ళీ ఏం వెటకారం కట్టాడో. ఇంకా ఎక్కువ పడకముందే అని, వాడు గొణుగుతుండగానే ముడి బిగించేసింది.

"అత్తా" అన్నాడు వాడు. అది బయటే ఉండిపోయింది.

ఇంటికొచ్చి కుండ ఎక్కించాక ఆవిడ మనసు మనసులో లేదు. కుండకి చెవి ఆనించింది. నీళ్ళు ఉడికే చప్పుడు తప్ప ఏమీ లేదు. నజ్జివా కంచె దాటి వచ్చి పక్కన కూర్చుంది. ఒకరిమీదొకరికి కోపం పోలేదు గానీ ఇద్దరికీ ఆ కుండ మీదే చూపు.

"విప్పి చూడు అక్కా. బూతయితే పారేద్దాం."

"విప్పితే అయిపోతుంది కదే. మంచిదయితే అదీ పోతుంది."

"వాడు మంచి మాట అంటాడా?"

నముక్వాయ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. పెంచిన చేతులు కనక నమ్మాలనుంది, పెంచిన చేతులు కనకే నమ్మకం చాలడం లేదు. వేడిమూట గంపలో పెట్టుకుని బయల్దేరింది.

నాలోంగో ఈసారీ లోపలికి పిలవలేదు. అరుగు మీదే కూర్చుని మూట ఒళ్ళోకి తీసుకుంది. వేలితో నారని లాగింది. ఆకు తెరుచుకుంది, ఆవిరి లేచింది.

"నాలోంగో అమ్మగారూ, ఈ మూటలో నాకో ముద్ద మిగిలుంటే ఎంత బావుండేదో. ఇక్కడ పెట్టే జొన్నముద్ద గోడకి కొడితే గోడ పగులుతుంది." తరవాత వార్డరు నవ్వు. నాలోంగో పెదవి చివర ఏదో కదిలి ఆగింది. "ఆయన గురించి నేనన్నది వెనక్కి తీసుకోను. తీసుకుంటే మీరూ నమ్మరు. కానీ మీరు ఆయనకి నారబట్ట చుడుతున్న గదిలో ఆ మాట మీ చెవిన పడినందుకు మాత్రం..."

అక్కడితో ఆవిరి చల్లారింది.

నాలోంగో ఆకు అటూ ఇటూ తిప్పి చూసింది. "తరవాత?"

"లేదమ్మా. నేను ముడి బిగించేశాను." అంది నముక్వాయ. "ఏం పొగరుమాట అంటాడోనని భయపడ్డాను."

"నీ పిల్లాడి మీద నీకే నమ్మకం లేదన్నమాట."

"లేకపోయింది."

నాలోంగో ఒక ముద్ద తుంచుకుని తింది. "ఉప్పు సరిపోయింది" అని లోపలికి వెళ్ళిపోయింది. అది మంచిదో చెడ్డదో నముక్వాయకి అంతుపట్టలేదు.

విచారణ రోజున నాలోంగో నల్లటి తలగుడ్డ కట్టుకుని వచ్చింది. సర్కారు వకీలు లేచి, ముద్దాయి ఆ మాటని ఏ ఫోన్లో, ఏ వీడియోలో అన్నాడో చెప్పమన్నాడు.

"ఫోన్లో కాదు. అరటాకు మూటలో విన్నాను."

వకీలు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పండి."

"మటోకె తినడానికి ఆలోచన ఎందుకు బాబూ? విప్పాను, వినిపించింది. ఆ మూట మా ఇంట్లోనే విప్పాం. ఊరంతా వినలేదు."

మేజిస్ట్రేటు కలం ఆపి, ముడి ఎవరు వేశారని అడిగింది. నముక్వాయ లేచి నిలబడింది. మేజిస్ట్రేటు ఆవిడ పేరు రాసుకుంది. ఆకులో వచ్చిన మాట ఈ చట్టం కిందికి రాదని ఆ అభియోగం కొట్టేసింది. తూకపురాళ్ళ వీడియో తీసెయ్యమని, మరోసారి తన ముందుకి రావద్దని వాణ్ణి గట్టిగా మందలించి పంపింది.

బయట కోర్టు వరండాలో పునుగుపిల్లి వంశంవాళ్ళు కొందరు మొహాలు ముడుచుకుని నిలబడ్డారు. ఒకాయన నాలోంగోని నిలదీశాడు. "వాడు మనల్ని అంత మాటంటే వదిలేశావా?"

"వదల్లేదు. వాడు నాకొక మాటలో సగం బాకీ. జైల్లో ఉంటే ఆ సగం ఎవరు చెబుతారు? అది మర్యాదో, ఇంకో తిట్టో నాకూ తెలీదు. వినాలి కదా."

ఆవిడ వెళ్ళి వరండా చివర బల్ల మీద కూర్చుంది. ముత్యాబా ఎదురుగా నిలబడ్డాడు. వాడి చెయ్యి అలవాటుగా జేబులో ఫోన్ కోసం వెతికింది. ఫోన్ ఇంకా పోలీసుల దగ్గరే ఉంది.

"ఊఁ, చెప్పు" అంది నాలోంగో.

వాడు అత్త వైపు చూశాడు. ఆవిడకి వినాలనే ఉంది. చెవులు అటే లాగుతున్నాయి. అయినా గంప నెత్తికెత్తుకుని, వినపడనంత దూరం నడిచి, గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. వాడి పెదాలు కదులుతున్నాయి, నెమ్మదిగా, ఒక్క మనిషికి వినపడేంతగా. నాలోంగో తల వంచుకుని వింటోంది. మొహం కనపడటం లేదు. కొంతసేపటికి ఆవిడ బల్ల మీద కాస్త జరిగి, పక్కన చోటిచ్చింది.