అబ్బాస్ మీద ఒట్టు

నజీమా అత్త నోట ఒట్టు లేకుండా మాట రాదు. టమాటాలు తాజావేనా అని అడిగితే దేవుడి మీద ఒట్టు. కోడలు పొద్దెక్కి లేచిందని చెప్పడానికి ప్రవక్త మీద ఒట్టు. విషయం కొంచెం పెద్దదైతే ఇమామ్ హుసేన్ మీద ఒట్టు. మా అక్క సాజిదా గురించి ఆ మాట అన్న రోజు కూడా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని హుసేన్ మీదే ఒట్టేసింది. ఇటుకబట్టీల దారిలో, మసక చీకట్లో, ఎవరో మగాడి కారులోంచి అక్క దిగడం కళ్ళారా చూశానంది.

ఆ మాట అక్క అత్తవారింటికి చేరడానికి ఒక్క పూట కూడా పట్టలేదు. అక్క మొగుడు యాసీన్ తలాక్ చెప్పి పంపేశాడు. కూతురు రుఖయ్యని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అప్పటికి ఆ పిల్ల చేత పాలు మాన్పించి ఎన్నాళ్ళో కాలేదు. రెండేళ్ళుగా అక్క మా ఇంటి గడప దాటలేదు. గోడ అవతల ఎవరి పిల్లయినా ఏడిస్తే చేతిలో పని ఆపి నిలబడిపోతుంది.

నజీమా మా నాన్నకి సొంత అక్క. తన కొడుకు అమ్మార్‌కి సాజిదాని అడిగింది, నాన్న ఇవ్వలేదు. ఆ కక్ష సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరూ ఆవిణ్ణి నిలదీయలేదు. హుసేన్ మీద ఒట్టేసిన మనిషిని ఏమని అడుగుతారు?

నేను పెద్దగా మాట్లాడను. ఆడవాళ్ళు కూడిన చోట టీ గ్లాసులు అందించి ఒక మూల కూర్చుంటాను. అలా కూర్చుని ఆవిడ ఒట్లన్నీ వింటూ వచ్చాను. ఒక సంగతి కనిపెట్టాను. ఆవిడ అబ్బాస్ మీద మాత్రం ఎన్నడూ ఒట్టెయ్యదు.

మా వైపు అది చిన్న విషయం కాదు. హుసేన్ దయామయుడు, అబద్ధపు ఒట్టుని కూడా మన్నిస్తాడని మావాళ్ళ నమ్మకం. ఆయన తమ్ముడు అబ్బాస్ అలా కాదు, మహా కోపిష్టి. ఆయన సమాధి చుట్టూ ఉన్న వెండి జాలీ పట్టుకుని అబద్ధమాడిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడు. చేరినా ఇంట్లో ఎవరో ఒకరు మిగలరు. కాలవ నీళ్ళ తగువైనా, హత్య కేసైనా, చివరికి ఆ జాలీ దగ్గర తేలాల్సిందే. ఎంత మొండివాళ్ళైనా అక్కడ చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

అత్త చేత ఆ జాలీ పట్టించాలి. అందరి ముందూ అబద్ధం చెప్పించాలి. తర్వాత ఆయన చూసుకుంటాడు. రెండేళ్ళూ నేను కోరుకున్నది ఇదే. నిజం ఒప్పుకుంటే రుఖయ్య మా ఇంటికి వస్తుంది, అది నాకూ తెలుసు. కానీ పడుకునే ముందు నా కళ్ళకి కనబడేది రుఖయ్య కాదు. నేల మీద పడిపోయిన అత్త.

ఈ వసంతంలో దారి దొరికింది. అమ్మార్ భార్య నిబ్రాస్‌కి ఏళ్ళ తర్వాత కడుపు పండింది. నిలిస్తే అబ్బాస్ పేరు మీద రొట్టెలు పంచుతానని ఆమె మొక్కుకుంది. మొక్కు తీర్చడానికి ఆ అన్నదమ్ములిద్దరి సమాధులూ ఉన్న కర్బలా వెళ్ళాలి, నిండు చూలాలిని అత్తగారు ఒంటరిగా పంపలేదు. మా వీధి ఆడవాళ్ళు మినీ బస్సు మాట్లాడుకుంటుంటే నేనే వెళ్ళి సీట్లు పట్టాను. అత్తకీ నిబ్రాస్‌కీ ముందు వరస. వాళ్ళ వెనకే యాసీన్ వాళ్ళమ్మకి.

"ఏమే హౌరా, నీకింత భక్తి ఎప్పుడు పుట్టిందే?" అంది అత్త బస్సెక్కుతూ.

"నిబ్రాస్ అక్క కోసం అత్తా. రొట్టెలు మొయ్యడానికి ఒక మనిషి ఉండాలిగా."

"నోరు లేని పిల్ల, మోతకైనా పనికొస్తోంది," అని అత్త నవ్వింది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రొట్టెలన్నీ నా ఒళ్ళోనే ఉన్నాయి. ఒక్కో రొట్టెలో పుదీనా, ఉల్లికాడలు పెట్టి చుట్టాం. వేడికి బస్సు నిండా ఆ వాసనే.

కర్బలాలో దిగగానే అత్త అందరికంటే ముందు నడిచింది. హుసేన్ వాళ్ళు గుడారాలు వేసిన చోట గోడకి నుదురు ఆనించి పెద్దగా ఏడ్చింది. హుసేన్ చెల్లెలు జైనబ్ నిలబడి యుద్ధం చూసిన దిబ్బ మీదికి మోకాళ్ళు పట్టుకుంటూనే ఎక్కింది. హుసేన్ దర్గాలో ఆడవాళ్ళ రద్దీలోకి భుజంతో తోసుకుంటూ వెళ్ళిపోయింది. రంగు ఈకల కుంచె పట్టుకున్న సేవకురాలు "జరగండమ్మా, అందరికీ ఆయనే" అని కుంచె తల మీద ఆడిస్తున్నా కదలకుండా జాలీని ముద్దు పెట్టుకుంటూ నిలబడింది.

"ఎంత ప్రేమో ఈవిడకి ఇమామ్ అంటే," అంది యాసీన్ వాళ్ళమ్మ నాతో. రెండేళ్ళలో ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. వెంటనే ముఖం తిప్పుకుంది.

బయటికొచ్చి రెండు దర్గాల మధ్య చప్టా మీద కూర్చున్నాం. ఖర్జూరం చెట్ల నీడలో ఎవరో ఉచితంగా పంచుతున్న టీ తాగాం. ఎదురుగా అబ్బాస్ బంగారు గుమ్మటం ఎండకి మెరుస్తోంది. అత్త దానికి వీపు పెట్టి కూర్చుంది.

"లేవండి, పెద్దవాకిట్లో రొట్టెలు పంచి లోపలికెళ్దాం," అంది నిబ్రాస్.

"మీరు పదండే. నా మడమ లాగేస్తోంది. ఇక్కడ చెప్పులు కాస్తూ కూర్చుంటా."

"చెప్పులు పెట్టడానికి లోపల అరలున్నాయి కదా అమ్మార్ తల్లీ," అంది ఒకావిడ.

ఇంకొకావిడ అందుకుంది. "దిబ్బెక్కినప్పుడు లేని మడమ నొప్పి అబ్బాస్ దగ్గరికి రమ్మంటే వచ్చిందా?"

అది ఉత్త వేళాకోళమే. అందరూ నవ్వారు. కానీ నవ్వు మధ్యలో ఎవరికో ఏదో తట్టినట్టు ఆగింది. కర్బలా దాకా వచ్చి అబ్బాస్‌ని చూడకుండా తిరిగెళ్ళేవాళ్ళుండరు. వెళ్ళలేనివాళ్ళుంటారు. ఎందుకు వెళ్ళలేరో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

యాసీన్ వాళ్ళమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "లే నజీమా," అంది. "నా భుజం పట్టుకో. నేను నడిపిస్తా."

అత్త లేచింది. లేవక తప్పలేదు.

నిబ్రాస్ రొట్టెలు పంచుతుంటే నేను పక్కన నిలబడి ఒక్కొక్కటీ అందించాను. తొందరపడలేదు. లోపల జాలీ దగ్గర జనం కాస్త పలచబడ్డాక అత్త పక్కకి చేరాను. ఆవిడ చేతులు ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా లోపలే దాచుకుని, జాలీకి ఒక బార దూరంలో నిలబడి పెదవులు కదుపుతోంది.

"అత్తా, జాలీ పట్టుకోలేదేం?" అన్నాను. గొంతు పెంచలేదు, కానీ మావాళ్ళందరికీ వినబడింది.

"రద్దీగా ఉందే."

"లేదు. దారుంది చూడు." జరిగి చోటిచ్చాను. "పట్టుకుని ఒక్క మాట చెప్పు. మా అక్కని ఇటుకబట్టీల దారిలో చూశానని. అంతే. ఇంకెప్పుడూ అడగను."

"దర్గాలో గొడవ పెడతావా? హుసేన్ మీద ఒట్టేశాను కదే ఆనాడే."

"ఆయన మీద నువ్వు టమాటాలకి కూడా ఒట్టేస్తావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్త నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అంది. "హౌరా, మేనత్తనే నేను. నిన్నెత్తుకుని పెంచాను. బయటికెళ్దాం పద, నీకేం కావాలో మాట్లాడుకుందాం."

"నాకేం వద్దు. నువ్వు చూశావుగా, చెప్పడానికి ఏముంది?"

ఆవిడ కళ్ళు చుట్టూ తిరిగాయి. యాసీన్ వాళ్ళమ్మ అక్కడే, రెప్ప వెయ్యకుండా నిలబడి ఉంది. ఆ చూపు తట్టుకోవడం కంటే ఒట్టెయ్యడమే తేలికనిపించిందేమో, అత్త పళ్ళు బిగించి చెయ్యి బయటికి తీసింది. వేళ్ళు వెండి జాలీకి తగిలాయి. నా గుండె సంతోషంతో దడదడలాడింది. అబద్ధం చెప్పబోతోంది. చెప్పనీ అనుకున్నాను.

అప్పుడు నేనే మాటలందించాను. మా వైపు ఒట్టేయించేవాళ్ళే మాటలు చెబుతారు. "అబ్బాస్ మీద ఒట్టు, సాజిదాని కళ్ళారా చూశాను, ఇది అబద్ధమైతే నా ఇంటి బిడ్డ మీద నీ కోపం చూపించు అని చెప్పు."

ఇంటి బిడ్డ అంటే ఎవరో అందరికీ తెలుసు. ఆ బిడ్డ ఇంకా పుట్టలేదు.

"అబ్బాస్ మీద..." అని అత్త మొదలుపెట్టింది.

నిబ్రాస్ ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో అత్తగారి మణికట్టు పట్టి జాలీ మీంచి లాగేసింది. "నా పిల్ల మీద వద్దు అత్తయ్యా. నిజమైతే చెప్పండి. నిజమేనా? నా మొహం చూసి చెప్పండి."

అత్త ఆమె మొహం చూడలేదు. నేల మీద కూలబడింది. "చూడలేదు," అంది. "నేనెవర్నీ చూడలేదు. ఆ పూట నేను బట్టీల వైపే పోలేదు. నా కొడుకుని కాదన్నారని అనేశాను."

ఇక్కడి సేవకురాలు ఒకామె కుంచె పట్టుకుని వచ్చి, ఆవిడ కూలబడిన తీరు చూసి దాన్ని దించేసింది. ఇలాంటివి ఆ గదిలో ఆమె చాలానే చూసి ఉంటుంది.

యాసీన్ వాళ్ళమ్మ నుదురు కొట్టుకుంది. "నా ఇంట్లో నా కోడల్ని నేను తిట్టిన తిట్లు," అని మాత్రం అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఊరు చేరగానే బస్సు మా ఇంటి ముందు ఆపించు. పిల్లని తీసుకుపో. యాసీన్‌కి నేను చెప్పుకుంటా," అంది.

అత్త నా అబాయా అంచు పట్టుకుంది. "క్షమించానని ఒక్క మాటనవే. ఆయన ముందే అను. లేకపోతే నన్ను బతకనివ్వడు."

"అనమ్మా," అన్నారు ఆడవాళ్ళు. "ఒప్పుకుంది కదా. ఈ గడప దగ్గర అడిగితే కాదనకూడదు."

నిజమే, కాదనకూడదు. నేను వంగి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. "నింద మోసింది నేను కాదు. మా అక్క ఇంట్లోనే ఉంటుంది, నీకు తెలుసు కదా. నీవల్లే కదా గడప దాటడం లేదు. అక్కడికి వచ్చి అడుక్కో. ఆమె తలుపు తీస్తే నీ అదృష్టం."

తిరుగు ప్రయాణంలో నిబ్రాస్ వెనక సీటుకి మారిపోయింది. అత్త ఒక్కతే ముందు కూర్చుంది. ఎవరూ ఆవిడకి నీళ్ళ సీసా అందించలేదు. సీసా నా పక్కనే ఉన్నా నేనూ అందించలేదు. ఆవిడ కిందపడి చావలేదన్న వెలితి నాలో ఇంకా ఉంది. కానీ ఆ మెడ, రెండేళ్ళు అంత నిటారుగా నిలిచిన మెడ, గతుకు వచ్చినప్పుడల్లా ముందుకి వాలిపోతోంది. దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

యాసీన్ ఇంటి ముందు బస్సు ఆగింది. లోపల కాసేపు అరుపులు వినబడ్డాయి, ముందు యాసీన్‌వి, తర్వాత వాళ్ళమ్మవి. వాళ్ళమ్మ గొంతే మిగిలింది. రుఖయ్య నోటి చుట్టూ ఖర్జూరపు పాకంతో, ఒక చేతిలో బట్టల మూటతో బయటికొచ్చింది. నేనెవరో దానికి గుర్తులేదు.

"నువ్వెవరు?" అంది.

"మీ అమ్మ చెల్లెల్ని."

"అమ్మ దగ్గరికా?"

"ఊఁ."

ఎత్తుకున్నాను. బస్సెక్కి నేరుగా నా సీటుకి పోలేదు. ముందు వరస దగ్గర ఆగాను. అత్త కిటికీ వైపు తిరిగింది.

"ఇటు చూడు అత్తా," అన్నాను. "ఇది సాజిదా కూతురు."

ఆవిడ తల తిప్పేదాకా అక్కడే నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు.