ఉస్తాదు అంగీ అట్ట

ఆదోని కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు సంగతి. ఆ ఊరి దర్జీ అయ్యన్నకు ఎమ్మిగనూరు బస్సు కనబడితే చాలు, సూది వేలిలో దిగేది. ఆ బస్సులో తన గిరాకీ పోతున్నదని ఆయన బాధ. పత్తి బేళ్ళు మోసే హమాలీలు కళ్ళెదుట ఉన్న అంగడిని దాటి, అంత దూరం పోయి, అక్కడి దర్జీ తిక్కయ్య దగ్గర అంగీలు కుట్టించుకొచ్చేవారు.

ఇద్దరూ ఖాసిం ఉస్తాదు దగ్గర పని నేర్చినవాళ్ళే. ఉస్తాదు కన్నుమూసే ముందు, గుడ్డ మీద పరిచి అంగీ కత్తిరించే తన పాత అట్టను తిక్కయ్య చేతిలో పెట్టాడు. అయ్యన్నకు కత్తెర ఇచ్చాడు. అది గాలిని కూడా రెండుగా కోసే కత్తెర. అయినా అయ్యన్న కన్ను అట్ట మీదే. ఆ అట్టతో కుట్టిన అంగీ సేద్యానికీ అదే, సంతకూ అదే, పిల్లనడగబోయినా అదే. దాన్ని తొడుక్కొని బావిలో దూకిన హాలహర్వి ఆసామి ఒకడు ఇస్త్రీ చెదరకుండా పైకి తేలాడట. బావిలో నీళ్ళున్నాయో లేదో ఎవరూ అడగలేదు.

ఉరుకుంద ఈరన్న జాతర పది రోజులుందనగా హమాలీల మేస్త్రీ రంగన్న పాత అంగీ తెచ్చాడు.

“అన్నా, మోచేతి కాడ చినిగింది. అతుకేయి. బస్సెక్కి పోయే తీరిక లేదు.”

తిక్కయ్య కుట్టిన అంగీ! అయ్యన్న దాన్ని రెండు చేతులా లాక్కున్నాడు.

“అతుకెందుకప్పా? అతుకూ ఏస్తా, జాతరకు కొత్తదీ కుడతా. అచ్చం ఇట్లాంటిదే.”

“అట్లయితే మా ముప్పై మందీ నీ కాడికే వస్తాము. కాకుంటే మాకు ఎమ్మిగనూరే గతి.”

రంగన్న అటు పోగానే, ఆ అంగీ నుంచే ఉస్తాదు అట్టను రాబట్టాలని అయ్యన్న లేచాడు. తలుపు దగ్గరగా వేసి, అంగీ కుట్లన్నీ విప్పి, ముక్కలను ఖాకీ కాగితం మీద పరిచి గీశాడు. గీస్తూ గీస్తూ పకపకా నవ్వాడు.

“లక్ష్మమ్మా, ఇట్ల రా! కుడి బుజం ఎడమదాని కన్నా అంగుళం దిగినాది సూడు. నేరుగా గీత గీసేది రాదు, వీనికా ఉస్తాదు అట్ట ఇచ్చింది!”

భార్య వంగి చూసింది. “పదేండ్లుగా దాన్ని తలుసుకొని కుళ్ళుకుంటాండావు. వంకరదానికా ఇన్నాళ్ళూ ఏడ్సినావు?”

“నేను సరిచేస్తా కదే!”

కాగితాన్ని నడిమికి మడిచి, రెండు భుజాలూ సమం చేసి కత్తిరించాడు. పాత అంగీని ఎప్పటిలా కుట్టి అతుకు వేశాడు.

జాతర ముందు రోజు రంగన్న నలుగురు హమాలీలతో వచ్చి కొత్త అంగీ తొడుక్కున్నాడు. కుడి అంచు తొడ మీదికి జారింది. మెడపట్టీ ఎడమ పక్క గొంతు నొక్కింది.

“ఏందన్నా ఇది? నన్ను సూసేకి ఈరన్న సామి మెడ వంచుకోవాల్నా?”

హమాలీలు విరగబడి నవ్వారు.

“అంగీ నేరుగానే ఉంది. నువ్వే వంకరగా నిలబడినావు!” అన్నాడు అయ్యన్న.

“వంకరే గదా మరి! ఇరవై ఏండ్లు కుడి బుజం మీదే బేళ్ళు మోసినా, సమంగా యాడుంటాది? ఉస్తాదు అట్ట సమంగానే ఉంది, నేను సూసినా. తిక్కయ్యే నా బుజాలు తడిమి, ఒక పక్క అంగుళం దించినాడు.”

అయ్యన్న తాను మడిచి సమం చేసిన కాగితం వైపు చూశాడు. ఏ అట్ట కోసం పదేళ్ళు కుళ్ళి చచ్చాడో, అచ్చం అదే తన బల్ల మీద పడి ఉంది. దాంతో కుట్టిన అంగీ మాత్రం మనిషికి పట్టలేదు.

రంగన్న దాన్ని విప్పి బల్ల మీద పడేశాడు. “పదండప్పా.”

“ఆగు!” అయ్యన్న టేపు పక్కన పెట్టి, మొట్టమొదటిసారిగా ఒక గిరాకీ భుజం తడిమాడు. ఎముక మీద కాయ కాసిన చర్మం, దాని పక్కన గుంట. భుజం కుట్టు విప్పి, గుంట ఎంత ఉంటే అంత దించి, అక్కడికక్కడే కుట్టి తొడిగాడు.

ఈసారి అంగీ జారలేదు. నలుగురు హమాలీలూ పైగుడ్డలు తీసి వరుసగా నిలబడ్డారు.

“బాగుందన్నా,” అన్నాడు రంగన్న చేతులు చాచి చూసుకుంటూ. “కానీ నీ చెయ్యి గిలి పెడతాది. తిక్కయ్య తడిమితే గిలి ఉండదు.”

అయ్యన్న సూది పక్కన పెట్టి, తన భుజం రంగన్న ముందుకు చాచాడు.

“వాడు యాడ మొదలుపెడతాడప్పా? మెడ కాడినుంచా, బుజం కాడినుంచా? సెప్పు, నా మీద తడిమి సూపీ!”