అక్క వాంగ్మూలం

అక్క ఇంకా రాలేదు. ప్రభుత్వ కార్యాలయం బల్ల మీద కూర్చున్న చిట్టి ఫోను తీసి చూసుకుని మళ్ళీ సంచిలో పడేసింది. ఓ చిన్న ఆసుపత్రి ల్యాబులో రోజంతా రక్తం తీసే మనిషి ఆమె. ఎంత సన్నని నరమైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకునే ఆ చేతులు ఇవాళ చెమటలు పట్టి, ఒళ్ళోని కాగితాలను తడిపేస్తున్నాయి.

చిట్టి అనేది ఇంట్లో పిలిచే ముద్దుపేరు. గుర్తింపు కార్డు మీద మాత్రం మగ పేరు, దాని కింద 'పురుషుడు' అన్న మాట. తోటివాళ్ళంతా ఆమెను కొత్త పేరుతో పిలవబట్టి చాలా కాలమైంది. కానీ పెద్దాసుపత్రిలో వచ్చిన ఉద్యోగం కార్డు దగ్గర ఆగిపోయింది. "మనిషొకరు, కాగితం మీద ఇంకొకరు అయితే ఎలాగమ్మా? నెలాఖరులోగా మార్పించుకు రండి," అన్నారు అక్కడివాళ్ళు. మార్చాల్సిన ఈ కార్యాలయంలోనేమో, పుట్టినప్పటి నుంచి ఎరిగిన సొంతవాళ్ళు ఒకరు వచ్చి, ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని చెప్పాలట.

అమ్మ లేదు. నాన్న తలుపే తీయలేదు. ఇక మిగిలింది అక్క.

"వస్తాలే," అంది ఫోనులో, గొంతు తగ్గించి. "మీ బావకు మాత్రం తెలియకూడదు."

ఆ 'లే' పొద్దుటి నుంచి చిట్టిని తినేస్తోంది.

"మీవాళ్ళెవరూ రాలేదా?" కౌంటరులోని ఉద్యోగిని కళ్ళజోడు పైనుంచి చూసింది. "నేను భోజనానికి లేస్తే మళ్ళీ వచ్చే నెలే మీ వంతు."

"దారిలో ఉందండీ. వచ్చేస్తుంది."

అంతలో అక్క రానే వచ్చింది, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ, రొప్పుతూ. పొడుగు జుట్టుతో చిట్టిని చూడడం ఆమెకిదే మొదలు. ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకుంది.

"ఈవిడ మీకేమవుతారు?" చిట్టిని చూపిస్తూ అక్కను అడిగింది ఉద్యోగిని.

"తమ్ముడండీ."

టైపు చేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"స్త్రీ అని మార్చమని రాశారిక్కడ. మీరేమో తమ్ముడంటున్నారు. మిమ్మల్ని బలవంతంగా తీసుకొచ్చారా?"

"లేదండీ, అక్క..." అంటూ చిట్టి ముందుకు వంగింది.

"మిమ్మల్ని కాదు అడిగింది."

అక్క చెంగుతో మొహం తుడుచుకుంది. "నోరు జారిందండీ. అలవాటు."

"అలవాటంటే కుదరదమ్మా. మీకు తెలిసింది మీ మాటల్లో చెప్పండి. ఉన్నదున్నట్టు టైపు చేస్తాను."

అక్క గుమ్మం వైపు చూసింది. ఇక వెళ్ళిపోతుందనుకుంది చిట్టి.

"వీణ్ణి చంకనేసుకుని పెంచింది నేనేనండీ. స్కూల్లో హాజరు పిలిస్తే పలికేవాడు కాదు. చెవుడేమో చూపించమన్నారు మాస్టారు. చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళా. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడాయన. దారిలో, ఎందుకు పలకవురా అనడిగా. 'అది నా పేరు కాదక్కా' అన్నాడు..." అక్క ఆగింది. "అంది. అప్పుడే అంది. నాకే బుర్రకెక్కలేదు. ఇది నా చెల్లెలండీ. ఆనాడు నా వేలు పట్టుకు నడిచిందీ ఇదే, ఇప్పుడు మీ ముందు నిలబడిందీ ఇదే."

"'అన్నాడు' అని టైపు చేశాను. 'అంది' అని మార్చమంటారా?"

"మార్చండి. మొదటి నుంచీ మార్చండి."

సంతకం చేసి ఇద్దరూ మెట్లు దిగుతుంటే అక్క ఫోను మోగింది. బావ.

"చెల్లెలి పనుండి వచ్చా," అంది అక్క. "ఏ చెల్లెలేంటి? మన చిట్టి."

అవతల ఫోను పెట్టేశారు.

"ఏమన్నాడక్కా?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది."

కార్డు వచ్చిన రోజు చిట్టి కవరు చించి, తప్పు పడిందేమోనని అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది. తప్పు లేదు. వెంటనే అక్కకు ఫోను చేసింది. ఎత్తింది బావ. పెట్టేద్దామా అనిపించింది.

"మీ అక్క స్నానానికెళ్ళింది," అన్నాడు. కానీ ఫోను పెట్టేయలేదు. తర్వాత అడిగాడు, "వచ్చిందా కార్డు?"

"వచ్చింది బావా."

"సరే. చెప్తాలే."